కప్పు లేని బండిలో నా సగం

సీటు కవర్లు, బండ్ల టాపులు కుట్టే దుకాణం పెట్టుకుని, వీధి వీధంతా కవరక్క అని పిలిచే నేను, నా మతి నా దగ్గరే ఉండగా, ఒకరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది.

నా మతి గురించి అనుమానం ఉన్నవాడు ఒక్కడే. వాడు నా తమ్ముడు. "అక్కకి ఈ మధ్య బుర్ర పని చెయ్యట్లేదు, ఆ దగ్గుతో టాపు లేని బండెక్కుతానంటుంది" అని తన లేతు మిషను దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడట. అందుకని మొన్న డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఊపిరితిత్తుల సంగతి తర్వాత, ముందు నా బుర్ర బాగుందని రాసివ్వండి అని కాగితం రాయించుకున్నాను. దాన్ని దీనికి జతపరిచాను. బుర్రకి ఏ లోటూ లేదు. ఊపిరితిత్తులే, ఇన్నేళ్ళు ఫోము పొడి పీల్చినందుకు, సగం పని చేసి సగం మానేశాయట.

ప్లీడరుగారు నాకొక నమూనా ఇచ్చారు. అందులో నా బతుకంతా "స్థిరచరాస్తులు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చూడగానే ఒళ్ళు మండింది. నా చరాస్తి కదలకుండా దుకాణం వెనక షెడ్డులో పడి ఉండబట్టే కదా ఈ గొడవంతా. నమూనా పక్కన పెట్టి, ఆయన చెప్పిన పడికట్టు మాటలు కావలసినచోట వాడుకుంటూ, మిగిలింది నాకు తోచినట్టు రాస్తున్నాను.

ఇంతకుముందు నేను వీలునామాలేవీ రాయలేదు. కోపంలో నోటితో అన్నవి మాత్రం బోలెడున్నాయి. అవన్నీ దీనితో రద్దయినట్టే. తమ్ముడితో "చచ్చినా నీ గుమ్మం తొక్కను" అన్నది మాత్రం రద్దు కాలేదు.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా దుకాణం పక్కన గడియారాలు బాగుచేసే ఆయనకి అప్పగిస్తున్నాను. చెప్పిన రోజుకి చెప్పిన పని చేసిచ్చే మనిషి ఈ వీధిలో ఆయనొక్కడే. పైగా మా అక్కాతమ్ముళ్ళ తగాదాలో ఆయన ఒక్కసారి కూడా "పోనీలెండమ్మా, ఒక కడుపున పుట్టినవాళ్ళు" అనలేదు. ఆ ముక్క అననివాళ్ళు ఎంత అరుదో నాకు తెలుసు. పాల ప్యాకెట్లు వేసే మనిషి కూడా అన్నాడు.

2. నా పెద్ద కుట్టుమిషను, అంటే తోలు కుట్టేది, నా మరదలికి చెందవలెను. తమ్ముడి భార్యకి కుట్టు రాదు. సూదిలో దారం ఎక్కించమంటే దారంలో సూది ఎక్కించే రకం. అయినా దానికే ఇస్తున్నాను. ఎందుకంటే నేనూ వాడూ మాట్లాడుకోవడం మానేశాక, మా ఇద్దరి మధ్యా నలిగింది అదే. ఇక్కడికొస్తే వాడి మీద నేను కక్కిన విషమంతా వినాలి, ఇంటికెళ్తే నా మీద వాడు కక్కింది వినాలి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అయినా మానకుండా రోజూ సాయంత్రం వచ్చి, నేను మందు వేసుకున్నానో లేదో చూసి వెళ్తుంది. మిషను అమ్ముకుంటే అమ్ముకోవచ్చు. ఉంచుకుంటే మాత్రం పెడలు కిరకిరలాడకుండా నూనె వెయ్యాలి. ఎంత వెయ్యాలో చూపించాను, మర్చిపోయి ఉంటుంది.

3. మేడ మీద గది, అందులోని మంచం, అద్దం, నా ఎండ కళ్ళద్దాలు, గాలికి జుట్టు ఎగరకుండా తలకి కట్టుకునే నా నీలం రుమాలు, ఇవన్నీ మేనకోడలికి సర్వహక్కులతో చెందును. తమ్ముడి కూతురే గానీ పోలికలన్నీ నావి, మొండితనంతో సహా. ఆ పిల్ల మీద నాకు రెండు ఫిర్యాదులున్నాయి. మొదటిది, "అత్తా, షెడ్డులో ఊరికే పడున్న బండిని పెళ్ళి ఫొటోలకి అద్దెకిద్దామా" అని అడగడం. కదలని బండిలో కూర్చుని నవ్వే పెళ్ళికొడుకుల్ని ఊహించుకుంటేనే నాకు తలనొప్పి వచ్చింది. రెండోది, ఆసుపత్రిలో నేను మంచం మీద కళ్ళు తెరుచుకునే ఉండగా, "అత్తకి చల్లగాలి తగలనివ్వకండి" అని నర్సుతో చెప్పడం. నేను గదిలో లేనట్టు! అయినా రుమాలు దానికే. నా తల తర్వాత ఆ రుమాలు నిలిచే తల అదొక్కటే.

4. ఇక అసలు ఆస్తి. రెండే సీట్లున్న చిన్న బండి. పైన గుడ్డ టాపు, కావాలంటే వెనక్కి మడుచుకోవచ్చు. ఇంట్లో దాని పేరు బుడంకాయ. కాగితాల్లో సగం నాది, సగం తమ్ముడిది. కొన్నప్పుడు అది బండి అనడానికి వీల్లేదు. ఎవరి పెరట్లోనో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఇనప గుల్ల. అమ్మినాయన సీటు మీది కోడిని దించి మరీ అప్పగించాడు.

ఇంజను, చక్రాలు, ఇనుము వాడివి. గుడ్డ, తోలు, ఫోము, వెనక ప్లాస్టిక్ కిటికీ నావి. ఇదీ మా ఒప్పందం. ఎక్కడా రాసుకోలేదు గానీ ఏళ్ళ తరబడి నడిచింది. వాడి ఇనుము జోలికి నేను పోలేదు, నా గుడ్డ జోలికి వాడు రాలేదు.

ఒక్కచోట మాత్రం ఇనుమూ గుడ్డా కలవాల్సి వచ్చింది. టాపుని నిలబెట్టే చట్రం. "వెడల్పెంతక్కా" అని వాడడిగాడు. నేను టేపు పెట్టి చెప్పాను. కుట్టుపనివాళ్ళు కొలత చెబితే, కుట్టుకి వదిలే గుడ్డ అందులోనే కలిసి ఉంటుంది. పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది. వీడు ఆ కొలతకి వెంట్రుకవాసి తేడా లేకుండా ఇనప కడ్డీలు కోసి అతికించుకొచ్చాడు. చట్రం బండి కన్నా రెండు వేళ్ళు వెడల్పయింది. లేతు మిషను వాళ్ళకి కొలతంటే కొలతేనట, వదలడాలూ గిదలడాలూ ఉండవట. మొదటిసారి ఊరి బయటికి తీసుకెళ్ళి టాపు వేద్దామని లాగితే, సగం దాకా వచ్చి ఇరుక్కుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. సరిగ్గా అప్పుడే వాన పట్టుకుంది. ఒళ్ళో నీళ్ళు నిలుస్తుంటే ఇద్దరం కూర్చుని, తప్పు నీదంటే నీదని గొంతులు చించుకున్నాం.

ఇంకెవరైనా అయితే మర్నాడే చట్రాన్ని రెండు వేళ్ళ మేర తగ్గించేసేవాళ్ళు. తగ్గిస్తే తప్పు వాడిదని ఒప్పుకున్నట్టు. కొలత మార్చి మళ్ళీ చెబితే నాదని ఒప్పుకున్నట్టు. కాబట్టి ఆ రెండూ చెయ్యలేదు. బండి భుజాలు కోసి, రేకు అతికి, బండినే రెండు వేళ్ళు వెడల్పు చేశాం. ముందద్దానికి అటూ ఇటూ మిగిలిన సందుల్లో రబ్బరు కుక్కాం. ఆ రకం బండి ఇంకెక్కడ కనపడినా మాదాని కన్నా బక్కగా ఉంటుంది. "దొందూ దొందే" అంది మరదలు.

ఆ తర్వాత వాడికి బండి నేలకి దగ్గరగా ఉండాలని పిచ్చి పట్టింది. స్ప్రింగులు కోసి కిందికి దించాడు. వీధి చివర స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా "అక్కా, ఒక్క నిమిషం దిగవా" అనేవాడు. నా బరువు దిగితే గానీ బండి పొట్ట రాసుకోకుండా దాటదట. నేను దిగి, చూసేవాళ్ళంతా చూస్తుండగా నడిచి వెళ్ళి, అవతల మళ్ళీ ఎక్కేదాన్ని. ఆ అవమానం నేను మర్చిపోలేదు, మర్చిపోను.

ఏటా వానలు వెలిశాక ఇద్దరం సముద్రం పక్క కొండ మీదికి బయల్దేరేవాళ్ళం. వెళ్ళేటప్పుడు వాడు నడపాలి, వచ్చేటప్పుడు నేను. అదీ రూలు. అందువల్ల కొండ రోడ్డు ఎక్కడం వాడికే తెలుసు, దిగడం నాకే తెలుసు. డిక్కీలో ఒక్క పెట్టెకే చోటు. వాడి పనిముట్ల పెట్టె అందులో పడితే నా బట్టల సంచి నా ఒళ్ళో. వెనక నుంచి గాలి మెడకి కొట్టకుండా, కిటికీకి కొట్టే దోమతెర గుడ్డతో సీట్ల వెనక నేనొక అడ్డు కుట్టాను. పెట్రోలు బంకుల్లో అదేమిటని ఎవరైనా అడిగితే "నా ఐడియానే" అనేవాడు, నా ఎదురుగానే! సొరంగం వస్తే చాలు, గేరు తగ్గించి, సైలెన్సరు మోత వినడం కోసం అవతలి దాకా వెళ్ళి, బండి తిప్పి మళ్ళీ సొరంగంలోకి వచ్చేవాడు. చెవులు చిల్లులు పడుతున్నాయిరా దరిద్రుడా అని తిట్టేదాన్ని. తిడుతూ నవ్వేదాన్ని. ఆ మోతలో నా తిట్టూ వాడికి వినపడేది కాదు, నవ్వూ వినపడేది కాదు.

5. కప్పు గురించి. రెండేళ్ళ కిందట కొండ మీద పొగమంచులో నాకు దగ్గు తెర వచ్చింది. కాస్త ఎక్కువే వచ్చింది. వాడు బండి ఆపి, నీళ్ళిచ్చి, ఏమీ మాట్లాడలేదు. వాడు వాగుతుంటే పరవాలేదు, నోరు మూసుకుంటేనే భయపడాలి. తిరిగొచ్చాక నేను ఆసుపత్రి మంచం మీదుండగా, నా గుడ్డ టాపు పీకేసి, ఫైబరుతో గట్టి కప్పొకటి పోయించి తెచ్చి బండి మీద బిగించేశాడు. నేను పానా పెట్టి విప్పుతానని తెలుసు గనక బోల్టుల తలలు గుండ్రంగా అరగదీశాడు. "నీకు గాలి పడదక్కా" అన్నాడు, జడ్జీ తీర్పు చెప్పినట్టు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు.

నా చేత్తో కుట్టిన టాపు ఏమైందో ఎవరూ చెప్పలేదు. మరదలు నోరు జారితే తెలిసింది. వాళ్ళ మేడ కట్టడానికి తోలించిన ఇసక కుప్ప మీద కప్పాడు. అంచులకి రెండు వరసల కుట్టు, మూలల్లో తోలు ముక్కలు, ప్రతి కుట్టుకీ మైనం రాసిన దారం. నేను వెళ్ళేసరికి దాని మీద వీధికుక్క హాయిగా పడుకుని ఉంది. ఆ రోజే వాడి గుమ్మం దిగాను.

బోల్టుల్ని ఉలితో కొట్టి చూశాను. కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పి చూశాను. చెయ్యి బెణికింది గానీ బోల్టు బెదరలేదు. వేరే మెకానిక్కుని పిలిస్తే, "సగం బండి ఆయనది కదమ్మా, ఆయన సరేనంటేనే ముట్టుకుంటా" అన్నాడు. ఒకసారి పంతం కొద్దీ ఆ కప్పు కింద కూర్చున్నాను. డబ్బాలో వేసి మూత పెట్టినట్టుంది. ఆకాశం ఉండాల్సిన చోట బూడిదరంగు ఫైబరు. దగ్గు వచ్చింది. ఈసారి గాలి తగిలి కాదు, గాలి లేక.

నా కోపం కప్పు మీద అనుకుంటున్నారు అందరూ. కాదు. నన్ను అడక్కపోవడం మీద. డాక్టరుగారు నా ఎక్స్‌రే చేత్తో పట్టుకుని తమ్ముడితో మాట్లాడతారు. నా ఊపిరి గురించి వీధిలో అందరికీ ఒక అభిప్రాయం ఉంది. ఎంత మిగిలిందో నాకూ తెలుసు. మిగిలింది ఎలా ఖర్చు పెట్టుకోవాలో నేను చెప్పకూడదా?

6. ప్లీడరుగారిని నేను అడిగింది ఒక్కటే. తమ్ముడు ఆ కప్పు విప్పాలి, సముద్రం పక్క రోడ్డు మీద ఒక్కసారి, నెత్తిన ఏమీ లేకుండా నేను బండి నడపాలి, అది రాయండి అన్నాను. "అమ్మా, వీలునామాలో రాసింది మీరు పోయాకే అమలవుతుంది. బతికుండగా కావలసినవి ఇందులో రాయడం కుదరదు" అన్నారాయన. ఇంతకంటే పనికిమాలిన కాగితం ఇంకోటుంటుందా? పోయాక నాకు సముద్రమెందుకు?

సరే, నాకు బతికుండగా దక్కనిది నేను పోయాక వాడికి మాత్రం ఎందుకు దక్కాలి? కావున సదరు బండిలో నా సగాన్ని, మా వీధిలో పాత ఇనుము కొనే ఆయనకి దానవిక్రయాది సర్వహక్కులతో రాసిస్తున్నాను. ఎడమ సగమో కుడి సగమో ఆయన ఇష్టం. తమ్ముడు తన సగాన్ని కప్పుతో సహా సుఖంగా అనుభవించవచ్చును. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడికి నాలుగు చక్రాలెందుకు, రెండు చాలు. ఇందుకు ఎవరూ ఎట్టి ఆక్షేపణ చేయరాదు.

7. సాక్షులు. ఇద్దరు సంతకం పెట్టనిదే వీలునామా చెల్లదట. ఒకరు గడియారాల ఆయన. రెండో సాక్షి నా తమ్ముడు. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామాలో ఏం రాసిచ్చినా చెల్లదని ప్లీడరుగారు చెప్పినప్పుడే ఈ ఆలోచన తట్టింది. వాడికి ఏమీ లేదని వాడి చేతే సంతకం పెట్టించుకుంటాను. మేనకోడలితో కబురు పంపాను. వస్తాడో రాడో తెలియదు.

(పై ఏడూ పొద్దున రాసినవి. కిందివి మధ్యాహ్నం రాస్తున్నాను. చేతిరాతలో తేడా ఉంటే అది దగ్గు మధ్య రాయడం వల్లే గానీ ఇంకెవరిదో చెయ్యి కాదు.)

8. తమ్ముడు వచ్చాడు. చేతులు కడుక్కోకుండా గ్రీజుతోనే వచ్చాడు. సాక్షి ఇదంతా చదవక్కర్లేదు, కింద సంతకం పెడితే చాలన్నాను. చదివాడు. నిలబడే, మొదటి నుంచీ చివరిదాకా చదివాడు. నాలుగో అంశం దగ్గర "కొలత తప్పు చెప్పింది నువ్వే" అని గొణిగాడు. ఆరో అంశం దగ్గర ఆగిపోయాడు. గడియారాల ఆయన పెన్ను మూత తీసి అందిస్తే అందుకోలేదు.

"సాక్షి సంతకం పెడితే నీ సగం నాకు రాదటగా. పెట్టను" అన్నాడు. నీకు రాయలేదు కదరా అన్నాను. "ఇవాళ రాయలేదు. రేపు మనసు మార్చుకుంటావేమో. పెట్టను."

తర్వాత అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను, రేపు వీడు అనలేదని బుకాయిస్తాడు గనక. "పొగమంచులో ఊపిరందక నా చొక్కా పట్టుకున్నావు చూడు, అప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదక్కా. నువ్వు లేకపోతే నేను ఆ బండి ముట్టుకోలేను. ఏం చెయ్యాలో తెలీలేదు. నాకు చేతనైంది ఏదైనా బిగించడమే. బిగించేశాను."

ఈ మాట రెండేళ్ళ కిందట అనడానికి వీడికేం రోగం? ఇసక కుప్ప సంగతి అడిగాను. వాన వచ్చింది, చేతికి దొరికింది కప్పానన్నాడు. నాకోసం ఒక అందమైన అబద్ధం ఆడడం కూడా రాదు వీడికి. తిట్టాను. కడుపులో ఉన్నదంతా తిట్టాను. తిడుతుంటే దగ్గు వచ్చింది. వాడు వీపు రాయబోయి, గ్రీజు చెయ్యి చూసుకుని ఆగిపోయాడు. రాయరా, బట్టలు పోతే పోయాయి అన్నాను. గడియారాల ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు.

అందుచేత, ఆరో అంశంలో పాత ఇనుము ఆయనకి రాసినదంతా కొట్టివేయడమైనది. కొట్టివేత నాదే, పక్కన పొడి సంతకం పెట్టాను. నా సగం నా తదనంతరం నా తమ్ముడికే చెందును. వాడు దాన్ని అమ్మరాదు, పెళ్ళి ఫొటోలకి ఇవ్వరాదు, నేను చెప్పిన కొలత తప్పని ఎవరితోనూ అనరాదు.

9. ప్రస్తుతం వాడు షెడ్డులో కప్పు విప్పుతున్నాడు. అరగదీసిన తలలు అరగదీసినవాడికే పట్టు దొరకడం లేదు. ఒక్కొక్కటీ రంపంతో కోస్తున్నాడు, ఆ చప్పుడుకి నాకు పళ్ళు పులుస్తున్నాయి. గుడ్డ టాపు కుట్టేదాకా ఆగుదామన్నాడు. ఆగనన్నాను. వాన వస్తే తడుస్తాం, మనకి కొత్తా అన్నాను. మూడు షరతులు పెట్టాడు. మెడకి మఫ్లరు చుట్టుకోవాలి. మందుల సంచి నా ఒళ్ళోనే ఉండాలి. ఊపిరి ఆడకపోతే పౌరుషానికి పోకుండా నోరు విప్పి చెప్పాలి. మూడింటికీ ఒప్పుకున్నాను, మూడోదానికి కాస్త ఆలస్యంగా. నేను పెట్టింది ఒక్క షరతే. వెళ్ళేటప్పుడూ నేనే నడుపుతాను. కొండ ఎక్కడం నీకు రాదు కదక్కా అన్నాడు. పక్కన కూర్చుని చెప్పరా అన్నాను. పనిముట్ల పెట్టె డిక్కీలోంచి తీసి కింద పెట్టాడని మేనకోడలు వచ్చి చెప్పింది. నా సంచి పెట్టుకోమన్నాడట.

ఇప్పుడే షెడ్డులో ఏదో దభీమని పడింది. బండి తలుపు మీద గీత పడిందో, ఆరో అంశం మళ్ళీ యథాతథం.

ఇది నా మొట్టమొదటి వీలునామా అనీ, ఆఖరుదీ ఇదే అనీ రాయాలట. మొదటిదన్నంత వరకు నిజం.

తేదీ: పదకొండో నెల, తొమ్మిదో తారీకు, ఆదివారం.

సంతకం: కవరక్క

సాక్షులు:

ఒకటి: గడియారాలు బాగుచేసే ఆయన. (సంతకం చేశారు.)

రెండు: (ఖాళీ.) తమ్ముడు పెట్టనన్నాడు. ఇద్దరు లేనిదే ఇది చిత్తుకాగితంతో సమానమని గడియారాల ఆయన గుర్తు చేస్తున్నారు. వీధిలోకి కేకేస్తే ఎవరో ఒకరు వచ్చి పెట్టకపోరు. కానీ షెడ్డులోంచి హారను మోగుతోంది, రెండోసారి. సముద్రం చూసి తిరిగొచ్చాక పెట్టించుకుంటాను. ఇప్పుడంత తొందరేం లేదు.